గడప మీద ప్రశ్న

ప్రతి సాయంత్రం సూర్యకళ కంటే ముందే సూర్యకళ గొంతు ఇంటికి చేరిపోతుంది. మనిషేమో యూనివర్సిటీ కొండ మీద, కంప్యూటర్ సెంటర్లో, ఏసీ చలికి చున్నీ మెడకు చుట్టుకుని కూర్చుని ఉంటుంది. భీమిలి దారిలో ఉన్న వాళ్ల పేటలో, సామాజిక భవనం మీద కట్టిన మైకులోంచి మాత్రం ఆమే మాట్లాడుతూ ఉంటుంది. "సోమవారం. కెరటం మూడు మూరలు. గాలి నెమ్మది." అంతే, ఇంకో ముక్క ఉండదు.

ఇదేం చోద్యం అనుకోకండి. ఆమె డిగ్రీ చదివే రోజుల్లో, సముద్రాల చదువు చెప్పే శాఖ వాళ్లు ఒడ్డుకు దూరంగా నీళ్లలో ఓ తేలే పరికరం వదిలారు. అది కెరటాలు కొలిచి లెక్క పంపుతుంది. ఆ లెక్క ఓ చిన్న ఫైలై రోజూ మధ్యాహ్నం శాఖ నుంచి పేటలోని కంప్యూటర్ పెట్టెకు వెళ్తే, సాయంత్రం తెప్పలు నీళ్లలోకి దించే వేళకు పెట్టె దాన్ని పైకి చదవాలి. మీటర్లంటే పేటలో ఎవరికీ పట్టదు గనుక మూరల్లో చెప్పాలన్నారు. చదవడానికి గొంతెవరిదంటే, "మన ఎల్లారావు కూతురుంది గదా" అన్నారు. ఓ గదిలో కూర్చోబెట్టి వారాల పేర్లు, అంకెలు, మూరలు, అన్నీ విడివిడిగా చెప్పించి రికార్డు చేసుకున్నారు. "నిలువెత్తు" అనమన్నప్పుడు మాత్రం ఆ పిల్లకు నవ్వాగలేదు. ఎన్నిసార్లు చెప్పించినా చివర్లో కాస్త నవ్వు మిగిలిపోయింది. పోనీలే, ఈ మాట అవసరమయ్యే రోజు ఎప్పుడో గాని రాదు అని వదిలేశారు.

ఎల్లారావు వేటకు బయల్దేరే ముందు తెప్ప అంచు మీద చెయ్యేసి, మైకు వైపు తల తిప్పి, కూతురి గొంతు ఆసాంతం విని, అప్పుడు కదులుతాడు. గాలినీ మబ్బునీ నీటి రంగునీ ఆయన చూసుకోగలడు, చూసుకుంటాడు కూడా. అయినా సరే. "నా గుంట సెప్పింది, తొయ్యండ్రా" అని ఆయన అంటేనే తోడు వెళ్లే జగ్గారావు తెప్పకు భుజం ఆనిస్తాడు. దీని మీద పేటలో ఎన్ని వేళాకోళాలో! ఆయన దేన్నీ లెక్కచెయ్యడు.

ఇదిలా ఉండగా యూనివర్సిటీకి ఈ మధ్య బుద్ధొచ్చింది. ఇన్నేళ్లూ అక్కడ ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి ఫైలు పంపినా, దూరంగా ఉన్న యంత్రంలోకి వెళ్లి పని చేసినా, పాస్‌వర్డుతో సహా అంతా బహిరంగమే. సిటీ బస్సులో ఫోన్ పట్టుకుని ఇంటి సంగతులన్నీ అరిచి చెప్పేవాళ్లుంటారే, అలాగన్నమాట. చెవి పెట్టినవాడికి పెట్టినంత. అదేమిటండీ అంటే, ఇప్పటిదాకా ఏమైంది గనక అనేవారు. ఏమీ కాకపోవడం తమ గొప్పే అనుకునేవాళ్లకు ఏం చెబుతాం! చివరికి సెంటర్ పెద్ద అనూరాధ మేడం పట్టుబట్టి పాత దారులన్నీ మూసేయించారు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో మాటైనా ఫైలైనా తాళం వేసుకుని బయల్దేరుతుంది, అవతలి గదిలోకి చేరాకే తెరుచుకుంటుంది, దారిలో ఎవడు చూసినా ఏమీ అర్థం కాదు. శాఖ శాఖకీ తిరిగి దాన్ని పెట్టే పని సూర్యకళ మీద పడింది.

పని ఆమెకు తెగ నచ్చింది. తన కుర్చీలోంచి లేవకుండా నల్లటి తెర మీద ఒక పేరు కొడితే చాలు, లైబ్రరీ కింది గదిలో ఉన్న యంత్రం లోపల ఉంటుంది. ఇంకో పేరు కొడితే ఎక్కడో ఫిజిక్స్ వాళ్ల మేడ మీద ఉంటుంది. ఎక్కడా మనుషులుండరు, చప్పుడుండదు, కర్సర్ ఒక్కటి వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. సాయంత్రం బస్సులో కునుకు పడితే కలలోనూ అదే వరస. తలుపులు మూసిన వీధిలో ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి, తాళాలు తీయకుండానే వెళ్తూ ఉంటుంది. ప్రతి ఇంట్లో దీపం ఉంటుంది, ఎవరూ ఉండరు, గోడల అవతల సముద్రం వినిపిస్తూ ఉంటుంది. కండక్టర్ అరిచేసరికి దిగాల్సిన స్టాపు వెనకెక్కడో ఉండిపోయేది.

ఒక్క సంగతి మాత్రం ఆమెకు మొదట్నుంచీ ఇబ్బందే. ఈ సాఫ్ట్‌వేర్‌తో ఒక యంత్రం ఇంకో యంత్రం దగ్గరకు మొట్టమొదటిసారి బయల్దేరితే, అది గడప మీదే ఆగి అడుగుతుంది. అవతలివాళ్లు నాకు తెలియదు, ఇదీ వాళ్ల గుర్తు, నమ్మి వెళ్లమంటావా అని. ఎవరో ఒక మనిషి ఆ గుర్తు సరిచూసి అవునని కొట్టాలి. ఒకసారి కొడితే ఆ యంత్రం మళ్లీ అడగదు. కొట్టకపోతే కదలదు.

మంచి ప్రశ్నే, కాదనం. కానీ సూర్యకళ పుట్టి పెరిగిన పేటలో బయల్దేరేవాళ్లను ఏ ప్రశ్నా అడక్కూడదు. గడప మీద కాలు పెట్టిన మనిషిని ఎక్కడికి అనకూడదు, ఎప్పుడొస్తావనకూడదు, ఏదో కబురడిగి ఆపకూడదు. వెనకనుంచైతే అసలు పిలవకూడదు. అన్నం క్యారేజీ మరిచిపోయి వెళ్లాడా, ఆ పూట పస్తే. వెళ్లేవాడు కూడా వెనక్కి తిరిగి చూడడు. సూర్యకళ తల్లి పోతమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచి మొగుణ్ణి ఒక్కనాడూ వెనకనుంచి పిలిచి ఎరగదు. ముందునుంచి పిలవాలన్నా పేరు నోట రాకూడదాయె! "ఇదిగో", "ఏటయ్యా", ఈ రెండు మాటలతోనే ఆవిడ కాపురమంతా నడుపుకొచ్చింది. రేషన్ డిపోలో ఇంటాయన పేరడిగితే పక్కింటి పైడయ్య చేత చెప్పిస్తుంది.

అలాంటి ఇంటి పిల్ల గనకే ఆ బుధవారం మధ్యాహ్నం ఆ తప్పు చేసింది. ఇంకెవరైనా అయితే చేసేవాళ్లు కాదు.

అది ఆఖరి గది, సముద్రాల శాఖ వాళ్లది. రెండు యంత్రాలున్నాయి. తలుపు పక్కన తళతళలాడే కొత్తది, కిటికీ కింద దుమ్ము పట్టిన పాతది. రెండిట్లోనూ సాఫ్ట్‌వేర్ పెట్టేసింది. పేటలోని పెట్టెకు పోయిన ఆదివారమే పెట్టి వచ్చింది. ఇక ఈ రెండిట్లో రోజూ పేటకు ఫైలు పంపేది ఏదో కనుక్కుని, దాని ముందు కూర్చుని ఒకసారి పంపి చూసి, ఆ గడప ప్రశ్నకు అవునని కొట్టేస్తే పని పూర్తి. అడుగుదామని తల తిప్పింది. గది చూసుకునే గురునాథరావు సంచీ భుజాన వేసుకుని, తాళంకప్ప చేత్తో పట్టుకుని, ఒక కాలు గడప అవతల పెట్టి నిలబడి ఉన్నాడు.

"అయిపోనాదా అమ్మా? నాను బయల్దేరిపోతన్నాను" అన్నాడు.

ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది. గడప మీదున్న కాలు చూసి ఆగిపోయింది. పెద్దాయన ఏ శుభకార్యానికి వెళ్తున్నాడో ఏమో, ఎందుకు అడ్డం పడడం? పంపేది కొత్తదే అయి ఉంటుంది, ఆ పాతదాని మొహం చూస్తే తెలియడం లేదూ అనుకుంది. గబగబా కొత్తదాంట్లోంచి పేటకు ఓ ఉత్త ఫైలు పంపి చూసింది. ప్రశ్న వచ్చింది, ఆదివారం పేటలో పెట్టె గుర్తుకు ఫోన్లో తీసుకున్న ఫోటోతో సరిచూసి అవునంది, ఫైలు వెళ్లింది. "అయిపోయింది బాబాయ్" అని లేచింది. తన గదికి వచ్చి పాత దారి మూసేసింది. ఆ క్షణాన ఆమెకు నిజంగా సంతోషం వేసింది, పాపం.

సాయంత్రమయ్యేసరికి సెంటర్లో ఎవరూ మిగల్లేదు. ఇన్నాళ్ల అలసట ఒక్కసారి ఒంట్లోంచి దిగుతున్నట్టుంది. కిటికీలోంచి చూస్తే పోర్టులోకి వెళ్లే వంతు కోసం ఆగిన ఓడలు వరసగా ఉన్నాయి. వాటిలో దీపాలు ఒకటొకటే వెలుగుతున్నాయి. దక్షిణాన స్టీల్ ప్లాంటు మీది ఆకాశం అప్పుడే ఎరుపెక్కింది. గాలి లేదు, మబ్బు తునక లేదు. సముద్రం నూనె పోసినట్టు కదలకుండా ఉంది. ఓడలు నీళ్ల మీద ఉన్నాయో ఆకాశం మీద ఉన్నాయో తెలియనంతగా రెండూ కలిసిపోయాయి. అలా చూస్తూ చూస్తూ, రోజూ చేసినట్టే తల్లికి ఫోన్ చేసింది.

"ఏటి సేత్తన్నావమ్మా?"

"ఒడ్డునున్నాను. నిన్న వలకేటీ పడలేదు, మీ అయ్య ఇయ్యాల దూరం ఎల్తాడట. తెప్ప దించుతన్నారు. నువ్వు బేగొచ్చీ, కూర సల్లారిపోద్ది."

తల్లి మాటల వెనక మైకు మోగింది. దూరం నుంచి, గాలిలేని సాయంత్రంలోంచి, తన గొంతే తనకు వినిపించింది. సూర్యకళ కళ్లు మూసుకుని విన్నది. పంతొమ్మిదేళ్ల గొంతు, ఎంత హాయిగా ఉందో.

"మంగళవారం. కెరటం రెండు మూరలు. గాలి నెమ్మది."

మంగళవారమా? ఒక్క క్షణం తను నిన్నట్లో ఉన్నాననే అనుకుంది. గాలి లేదు, చప్పుడు లేదు, ఈ ఓడలు నిన్నా ఇక్కడే ఉన్నాయి. ఈరోజన్నది ఇంకా రాలేదేమో. అంతలో గోడ మీది క్యాలెండర్ కళ్లబడింది. ఈవేళ బుధవారం! ఈవేళ్టి ఫైలు వెళ్లలేదు. కొత్తది రాకపోతే పెట్టె ఏం చేస్తుంది, ఉన్నదాన్నే మళ్లీ చదువుతుంది. పేటలో వారం పేరు ఎవరికి పట్టింది, అందరూ మూరల కోసమే వింటారు.

ఫోన్లో తండ్రి గొంతు వినిపించింది. "నా గుంట సెప్పింది, తొయ్యండ్రా!"

"అమ్మా! అయ్యని ఆపు! అది నిన్నటిదే!"

"ఆపడమేటే? తోసీసినారు, నీల్లలోకి ఎల్లిపోనాది తెప్ప. ఇప్పుడు ఎనకనుండి పిలవమంటావేటే నన్ను?"

"ఫోను పెట్టీకు. అలాగే పట్టుకో." సూర్యకళ ఆఫీసు ఫోన్ అందుకుని గురునాథరావు నంబరు కొట్టింది. ఈసారి గడప లేదు, ఏమీ లేదు. "బాబాయ్, పేటకి ఫైలు పంపేది ఏ మెషినండీ?"

"కిటికీ కిందదే గదమ్మా! కొత్తదాంట్లో నాను సర్క్యులర్లు టైపు సేసుకుంటాను."

"మీరు ఎటో బయల్దేరారని మధ్యాహ్నం అడగలేదు బాబాయ్…"

"కూర్మన్నపాలెంలో సెలూన్లో ఉన్నానమ్మా" అన్నాడు గొంతు తగ్గించి. "రాత్రికి పెళ్లుంది. జుట్టుకి రంగేయించుకుంటన్నాను. ఏటయినాదమ్మా?"

జవాబు చెప్పే తీరిక ఆమెకు లేదు. రంగు కోసం వెళ్తున్న మనిషికి అపశకునం కాకూడదని నోరు మూసుకుంది! నల్లటి తెర మీద పాత యంత్రం పేరు కొట్టింది. తను ఇక్కడే ఉంది, మరుక్షణం తాళం వేసిన ఆ గదిలో, కిటికీ కింద, దుమ్ములో ఉంది. ఇవాళ్టి ఫైలు అక్కడే పడి ఉంది. తెరిచింది. అందులో మూరల్లేవు.

నిలువెత్తు.

ఎక్కడో దక్షిణాన, మనకు కనబడని దూరంలో తుఫాను రేగితే, దాని కెరటం నీటి కడుపులో దాక్కుని వస్తుంది. గాలి చెప్పదు, మబ్బు చెప్పదు, నీటి రంగు చెప్పదు. ఒడ్డు దగ్గర పడే దాకా సముద్రం నిద్రపోతున్నట్టే ఉంటుంది. ఒక్కసారి లేచిందంటే, తిరిగి వచ్చే తెప్ప ఒడ్డు దగ్గర విరిగిపడే ఆ కెరటాలను దాటలేదు.

ఫైలు పంపమని కొట్టింది. తెర ఆగింది. అవతలివాళ్లు నాకు తెలియదు, ఇదీ వాళ్ల గుర్తు, నమ్మి వెళ్లమంటావా? ఇదే ప్రశ్న మధ్యాహ్నం ఖాళీ గదిలో అడిగి ఉంటుంది. జవాబిచ్చేవాళ్లు లేక ఊరుకుని ఉంటుంది. ఫోన్ చెవినుంచి తీసి ఫోటో చూసింది. గుర్తు మొదలూ చివరా సరిచూసింది. అవును. నాకు తెలుసు, అది మా పేట, వెళ్లు!

ఫైలు వెళ్లిపోయింది. వేళ దాటి వచ్చిన ఫైలును పెట్టె అందుకోగానే చదివేస్తుంది, ఫోన్లోంచి మళ్లీ తన గొంతే వచ్చింది.

"బుధవారం. కెరటం నిలువెత్తు."

చివర్లో ఆ నవ్వు. ఆనాడు ఆగని నవ్వు. సూర్యకళ చెంప మీద తనే కొట్టుకుంది.

"అమ్మా, ఇన్నావా? అయ్య ఇన్నాడా?"

"మావందరం ఇన్నాం. మీ అయ్యకేటి ఇనబడద్ది, ఇంజనేసీసినాడు. ఎనక్కి సూడడు." పోతమ్మ గొంతు పల్చబడింది. "పైడయ్య కాడినుండి అందరూ సూస్తన్నారు. ఎవులూ నోరిప్పడం లేదే."

"నువ్వు పిలూ అమ్మా."

"నాను పిల్తే ఏటౌద్దో… ఎల్లీవోణ్ణి ఎనకనుండి…"

"పిలవకపోతే ఏటౌద్దో నాను సెప్తన్నాను! నిన్నటి లెక్క ఇయ్యాల్టిదన్నట్టు నా గొంతుతోటి అబద్ధం సెప్పించీసినానమ్మా. నా మాటిని ఎల్తన్నాడమ్మా అయ్య. నన్ను నమ్మే ఎల్తన్నాడు!" అంది. ఇక ఏడుపు ఆగలేదు.

ఇంజను చప్పుడొక్కటే వినిపిస్తోంది, అదీ సన్నబడిపోతోంది. సూర్యకళకు గదీ కిటికీ ఓడలూ అన్నీ దూరంగా జరిగిపోయాయి. ఆ చప్పుడు ఒక్కటే లోకంలో మిగిలింది. అది దారమంత సన్నమై, ఇక తెగిపోతుందనగా, పోతమ్మ అరిచింది.

"ఓ ఎల్లారావూ!"

ఫోన్ చెవిలో పగిలినంత పనైంది. ఆ పేరు ఆ నోట్లోంచి బయటకు రావడం ఆ పేటలో ఎవరూ ఎరగరు. కన్నకూతురే ఎరగదు. ఆ గొంతు భార్య గొంతులా లేదు, చేపల బజారులో గంపెత్తి కేకేసే గొంతూ కాదు, ఇన్నేళ్లూ ఎక్కడ దాచిందో ఏమో.

"ఎల్లారావూ! ఎనక్కొచ్చీ! ఓ ఎల్లారావూ!"

ఇంజను చప్పుడు తడబడింది. తగ్గింది. ఆగింది. చాలా దూరం నుంచి, నీళ్ల మీదుగా, ఒక మగగొంతు వచ్చింది.

"ఎవుల్దీ?"

సూర్యకళ బల్ల మీద తలపెట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. కంప్యూటర్ తెర మీద కర్సర్ వెలుగుతూ ఆరుతూ ఉంది.

ఆమె బస్సు దిగేసరికి పేటలో ఇసుక లేదు. గాలి ఊదకుండానే, చినుకు పడకుండానే కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి రోడ్డు గోడను తాకుతున్నాయి. తెప్పలన్నీ గోడ ఇవతలికి లాగేశారు. జనం వాటి చుట్టూ నిలబడి, సముద్రాన్ని కాదు, పోతమ్మను చూస్తున్నారు. పైడయ్య భార్య కాసులమ్మ అప్పుడే "ఓ ఎల్లారావూ" అని అనుకరించి చూపిస్తోంది, ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకుంటున్నారు.

ఎల్లారావు తెప్ప మీద కూర్చుని ఉన్నాడు. కూతురొచ్చి కాళ్ల దగ్గర కూలబడింది. తప్పు నాదే అయ్యా అని గడప సంగతీ, గురునాథరావు జుట్టు సంగతీ అంతా చెప్పుకుంది. ఆయన జుట్టు దగ్గర నవ్వాడు. ఆమె తల మీద చెయ్యేసి, "నీ గొంతు నాకినబళ్లేదే, ఇంజను హోరు. మీ అమ్మదే ఇనబడ్డాది" అన్నాడు.

పోతమ్మ కాస్త ఎడంగా, అటు తిరిగి కూర్చుంది. "నవ్వుతారేటి? ఎల్లీవోణ్ణి ఎనకనుండి పిలిసీసినాను. పేరెట్టి పిలిసీసినాను. రేపేటైనా అయితే నా పాపమే గదా" అంది.

"ఎనకనుండి ఎక్కడ పిలిసినావు?" అన్నాడు ఎల్లారావు. "నువ్వు పిలిసీసరికి నాను తిరిగినాను గదా. నిన్నే సూస్తన్నాను. ముందునుండే పిలిసినావు."

ఒక పెద్ద కెరటం గోడకు తగిలి తుంపర్లు అందరి మీదా పడ్డాయి, జనం కేకలేస్తూ వెనక్కి జరిగారు. ఎల్లారావు మాత్రం జరగలేదు. భార్య వైపు వంగి గొంతు తగ్గించాడు.

"ఇంకోపాలి పిలు. ఇప్పుడెదురుగానే ఉన్నాను."

సూర్యకళ మొహం సముద్రం వైపు తిప్పేసుకుంది. అంత హోరులో తల్లి పిలిచిందో లేదో ఆమెకు వినబడలేదు. కాసేపటికి తండ్రి "ఊఁ" అన్నాడు.